ఎర్రబడ్డ ప్రతి కన్నూ కండ్లకలక కాదు

అధ్యక్షులు, మిల్లు యజమాని ఉపేందర్ గారికి, పెద్దలకు, ముప్పై ఒక్క ఏండ్లుగా నా చేత కంట్లో మందు వేయించుకుని మంటపుడితే నన్నే తిట్టిన మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాకటి నుంచి ఈ వీడ్కోలు సభలో అందరూ కాంపౌండరు నాగయ్యకు ఓపిక ఎక్కువని పొగుడుతున్నారు. నాకు ఓపిక లేదు. కన్ను ఎర్రబడితే చాలు, కండ్లకలక అని మీరే తేల్చేసుకుని, బాలింతను వెతికి చనుబాలు పిండించుకుని, అది పని చేయకపోతే పక్కింట్లో పోయినేడు మిగిలిన మందు తెచ్చి పోసుకుని, అన్నీ అయ్యాక వచ్చి 'జర సూడు నాగయ్యా' అంటే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? రెండు కండ్లూ దురద పెట్టి నీళ్లు కారితే అది ధూళి పడకపోవడం. పొద్దున పుసి కట్టి రెప్పలు అతుక్కుంటే కండ్లకలక. ఒక్క కన్నే ఎర్రబడి, నొప్పితో వెలుతురు చూడలేక, చూపు మసకబారితే మాత్రం ఆ రోజే సూర్యాపేట పెద్ద దవాఖానకు పోవాలి. ఎన్నిసార్లు చెప్పాను! అదిగో, ముందు వరుసలో మైసమ్మ నవ్వుతోంది. ఎవరి కంట్లో నలుసు పడ్డా నాలుకతో తీసేది ఆమే. (నవ్వులు)

కానీ నా కోపమంతా మీ మీదే కాదు. డెబ్బై ఒకటిలో కండ్లకలక ఊరంతా పాకినప్పుడు మన దవాఖాన ముందు రోడ్డు దాకా జనం. ఆ వరుసలో మిల్లు హమాలీ దుర్గయ్య వచ్చాడు.

"ఒక్క కన్నే గుంజుతున్నది సారూ. వడ్లపొట్టు పడ్డది, మైసమ్మ తీసింది."

నేను తలెత్తి చూడలేదు. అందరికీ వేసిన చుక్కలే వేసి, మూడు రోజుల్లో తగ్గుతుంది పొమ్మన్నాను. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద పువ్వు లేచింది. కన్ను పోయింది. మీకు వెయ్యిసార్లు చెప్పిన మాట నేనే మరిచాను.

ఆనాటి నుంచి దుర్గయ్య, మిల్లులో ఎవరి కన్ను ఎర్రబడ్డా, 'ఒక్కటా, రెండా?' అని తానే అడిగి, చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తెస్తాడు. ఇప్పుడు కూడా ఆ తలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్కన వడ్లు చెరిగే తిరుపతమ్మ, ఒక కన్ను కొంగుతో మూసుకుని ఉంది.

ఉపేందర్ గారూ, శాలువా తర్వాత కప్పుదురు గాని, మీ జీపు సూర్యాపేటకు కావాలి. నేనూ వెంట పోతాను. నన్ను ఇంతకాలం భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. తిరుపతమ్మా, కన్ను నలపకు, వస్తున్న.

సెలవు.