గోడ మీద నాలుగు టైములు

నా పేరు చౌడేశ్వరి. తండ్రి పేరు తిప్పేస్వామి. వయసు పందొమ్మిది. ఇంటర్ పాసయ్యాను. వృత్తి గొర్రెలు మేపడం. బెళుగుప్ప మండలంలోనే మా పల్లె. ఈరోజు 2003 సెప్టెంబరు 12, శుక్రవారం, ఉదయం పదకొండున్నరకు ఎవరూ పిలవకుండానే స్టేషనుకు వచ్చాను. సైకిల్ షాపు అంజినప్పను నిన్న ఇక్కడికి తెచ్చారనీ, కరువుసీమ సైకిల్ క్రీడా సంఘం బీరువాలోంచి కాగితాలు దొంగిలించింది తానేనని ఆయన ఒప్పుకున్నాడనీ విని వచ్చాను. ఆయన దొంగిలించలేదు. నా కోసం ఒప్పుకున్నాడు.

అంజినప్ప మాకు చుట్టం కాదు. మామా అని పిలుస్తాను. బెళుగుప్ప బస్టాండు పక్కన ఆయన షాపు. రిపేరుకు సైకిల్ వదిలినవాళ్ల పేర్లు వరుసగా బొగ్గుతో బయటి గోడ మీద రాస్తాడు. ఎన్ని గంటలకు వదిలిందీ, ఎన్ని గంటలకు అయిందీ కూడా రాస్తాడు. సర్పంచి బండి అయినా వరుస తప్పదు. అందుకే ఆ షాపు దగ్గర ఎవరూ కొట్లాడగా నేను చూడలేదు.

ఆయన నాకు చేసింది ఒకటి కాదు. నీళ్ల బిందెలు మోసే తన సైకిలుకు క్యారియర్, మడ్‌గార్డులు విప్పేసి, సీటు నా ఎత్తుకు దించి ఇచ్చాడు. మూడు నెలలు ఆయన భార్య పెద్దక్క నెత్తిన బిందె పెట్టుకుని నీళ్లు మోసింది. ఒక్కరోజు కూడా నన్ను ఒక మాట అనలేదు. ఇది కేసుకు పనికిరాదంటే కొట్టేయండి. నాకు మాత్రం చెప్పాలనిపించింది.

ఆగస్టు 24, ఆదివారం, ఉదయం ఆరుంబావుకు సంఘం ఆడపిల్లలకు సైకిల్ పందెం పెట్టింది. పది కిలోమీటర్లు పోయి, తిరిగి అంతే రావాలి. పదిమందిమి. ఒక్కొక్కరినీ విడిగా వదిలారు కాబట్టి ఎవరు ముందో టైములు చూస్తేనే తెలుస్తుంది. మొదటి ఇద్దరిని హైదరాబాదు శిబిరానికి పంపుతామన్నారు. పోయేటప్పుడు పడమటి గాలి ఎదురు. వేరుశనగ బుడ్డల చేలలోంచి దుమ్ము లేచి నోట్లో పడింది. టైము చూసింది అంజినప్ప మామ. ఆయన రాసిన కాగితాన్ని సంఘం కార్యదర్శి హనుమంతరాయుడు సారు అక్కడే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎవరి టైమూ చదవలేదు. పై కమిటీ ఒప్పుకున్నాక చెప్తామన్నాడు.

సెప్టెంబరు 3న జాబితా వచ్చింది. నా పేరు లేదు. కార్యదర్శి తమ్ముడి కూతురు అరుణజ్యోతి పేరు ఉంది. దారిలో చైను తెగి ఆ పిల్ల జీపులో వచ్చింది. అందరం చూశాం.

టైముల కాగితం చూపించమని సంఘం ఆఫీసుకు నాలుగుసార్లు పోయాను. "అది సంఘం గుట్టు పాపా, మీకు చూపించేది కాదు" అన్నాడు కార్యదర్శి సారు. పై కమిటీలో ఎవరుంటారు సార్ అని అడిగితే అధ్యక్షుడి పేరు చెప్పాడు. "ఆయన పోయినేడే సచ్చిపోయినాడు కదా సార్" అన్నాను. "మనిషి పోయినాడు. పదవి ఉండాది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కమిటీ కూర్చుని మూడేళ్లయిందని అక్కడి గుమాస్తా చెప్పాడు.

నాలుగోసారి పోయింది సెప్టెంబరు 8, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటలకు. పక్క గదిలో ఫోను మోగితే సారు లేచి పోయాడు. ఫైలు బల్ల మీదే తెరిచి ఉంది, పైన మామ రాసిన టైముల కాగితం. నేను లేచి చదివాను. మొదటి పేరు నాది. నలభై ఒక్క నిమిషాల పద్దెనిమిది సెకన్లు. ఆ కింద మూడు పేర్లు, టైములు చదివాను. అయిదోది చదువుతుండగా సారు చెప్పుల చప్పుడైంది, కూర్చున్నాను. గొర్రెల లెక్క రెండు పూటలా నాదే కాబట్టి అంకెలు మరిచిపోను. కాగితం ముట్టుకోలేదు. బీరువా తాళం వైపే పోలేదు.

నేరుగా షాపుకు పోయి మామకు చెప్పాను. "రాసింది నేనే అయినా పదిమందివి యాడ గుర్తుంటాయి పాపా. నువ్వు చెప్పినాక గుర్తొస్తాండాయి" అన్నాడు. బొగ్గు తీసుకుని నాలుగు పేర్లు, నాలుగు టైములు గోడ మీద, రిపేరు బండ్ల వరుస కిందనే రాశాడు. "అందరివీ ఈడ రాస్తాండాం, ఇవి రాస్తే తప్పేముండాది" అన్నాడు. ఆయనకు అందులో తప్పు కనిపించలేదు. నిజంగా కనిపించలేదు.

మరుసటి రోజు బస్సు దిగినవాళ్లంతా చదివారు. అరుణజ్యోతి కూడా వచ్చింది. గోడ మీద అన్నీ చదివి, "నా పేరు కూడా రాయి మామా. పక్కన జీపు అని రాయి" అంది. ఆయన రాయలేదు. ఆ పిల్లే బొగ్గు తీసుకుని రాసింది. ఆ పిల్లకు నా దండం.

10వ తేదీన జనం ఆఫీసు ముందు కూర్చుంటే సారు జాబితాలో నా పేరు కలిపాడు. శిబిరం 20వ తేదీన. మరుసటి రోజే దొంగతనం ఫిర్యాదు ఇచ్చాడు. దొంగతనంలో చెయ్యి ఉన్న క్రీడాకారులను తీసేస్తామని నోటీసు కూడా అంటించాడు. నా పేరు పోకూడదని మామ తన మీద వేసుకున్నాడు. ఒక మాట అయ్యా. గోడ మీద రాసింది అబద్ధమైతే అబద్ధం రాశాడని ఫిర్యాదు ఇచ్చేవాళ్లు. దొంగిలించి రాశాడన్నారు. అంటే ఆ టైములు నిజమేనని సంఘమే రాసిచ్చినట్టు.

నేను ఇది చెబుతుంటే మామ లోపలి నుంచి, "ఆ పాప మాట రాయద్దండి సార్, దానికేం తెలీదు" అన్నాడు. ఎస్సై గారు రాయడం ఆపించి, "ఏమ్మా, ఇది రాస్తే నీకు శిబిరం ఉండదు, తెలుసా?" అని అడిగారు. అలా అడిగినందుకు ఆయనకూ రుణపడి ఉన్నాను. తెలుసు సార్, రాసుకోండి అన్నాను. పెద్దక్క పొద్దున్నుంచి స్టేషను గేటు దగ్గర కూర్చుని ఉంది. ఆమెను దాటుకునే లోపలికి వచ్చాను. మామను పంపించండి.

ఇదంతా నా నోటితో నేను చెప్పింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. రాసినాక హెడ్ కానిస్టేబుల్ రామదాసు గారు చదివి వినిపించారు. నా మేలు కోరి ఒకచోట "ఫైలు కనిపించినట్టు గుర్తు" అని రాశారు. దాన్ని కొట్టేయించి "నేను లేచి చదివాను" అని రాయించాను. ఆ కొట్టివేత పక్కన ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు సంతకాలు చేశాను.

(సం.) చౌడేశ్వరి