కడ్డీ రంగు

ఫొటోలన్నీ ఆఫీసు బల్ల మీద పరిచి, తమ్ముడు అక్క ముఖంలోకి ఆశగా చూశాడు. మూతపడ్డ ఇనుప కార్ఖానాను ఆవిడ పోయిన వారమే తెరిపించింది. సరుకు కొనేవాళ్లకు పంపడానికి ఈ ఫొటోలు కావాలి.

"బాగున్నాయిరా. కానీ అన్నీ నలుపూ తెలుపేనా?"

"అందులోనే హుందాతనం ఉందక్కా. రంగుల్లో అయితే గోడల చెమ్మ, రేకుల తుప్పు అన్నీ బయటపడతాయి."

"పడనీ. ఇదేమిటో చెప్పు?"

"కొలిమిలోంచి తీసిన కడ్డీ. సుత్తి కిందకి వెళ్తోంది."

"కాగిందో చల్లారిందో ఎలా తెలుస్తుంది?"

తమ్ముడు ఫొటోను దగ్గరికి తీసుకున్నాడు. కడ్డీ సుద్దముక్కలా ఉంది.

"మావాళ్లు రంగు చూసే సుత్తి వేస్తారురా. ఎరుపు నల్లబడిందంటే మళ్లీ కొలిమిలో పెట్టాల్సిందే. ఇవి చూసినవాళ్లు, పాపం ఎప్పుడో మూసేశారు కాబోలు అనుకుంటారు."

"నిజమే. వెలుగునీడల మోజులో పడి అది చూసుకోలేదు. రంగులవీ ఉన్నాయి, ఇదిగో."

కెమెరా తెర మీద కడ్డీ భగ్గున నారింజరంగులో వెలిగింది. ఫొటోలో దాని పక్కనే నిలబడ్డ అక్క ముఖం మీదా అదే వెలుగు.

"అదీ! ఇప్పుడు మనం బతికే ఉన్నామని తెలుస్తోంది."

"సరే, ఇవే పంపుదాం. ఇందులో నీ బుగ్గ మీద మసి ఉంది, తీసెయ్యనా?"

"ఉండనీరా. నీ ముచ్చట తీరడానికి ఆ కాస్త నలుపు చాలు."