జారిపోయిన సెలవు

తల్లి అంత్యక్రియలు ముగించుకొచ్చిన డ్రైవరు ముఖంలోకి, డిపోలో డ్యూటీలు వేసే అమ్మాయి చూడలేకపోయింది.

"తప్పు నాదే అన్నా. ఎక్సెల్ షీట్లో ఫార్ములా కిందికి లాగేముందు డాలర్ గుర్తు పెట్టి సెలవుల పట్టికను కదలకుండా కట్టెయ్యాలి. మర్చిపోయాను. మీ గడి దాకా వచ్చేసరికి పట్టిక కిందికి జరిగి, పైనున్న మీ పేరు జారిపోయింది."

"నా పేరు పైనెందుకుంది?"

"అమ్మకు బాగోలేదని అందరికంటే ముందు సెలవడిగింది మీరే కదా."

"ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదేనన్నమాట."

"ఆ రోజే నాతో ఒక్క మాట అనుండాల్సింది."

"అన్నాను తల్లీ. కంప్యూటర్లో లేదు, బండెక్కమన్నావు."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి అతని గడి మార్చింది.

"ఇప్పుడు సరిచేశాను. రేపట్నుంచి మీకు సెలవు."

"ఇప్పుడెందుకమ్మా? ఇంటికెళ్తే ఖాళీ మంచమే కనిపిస్తుంది. డ్యూటీ వెయ్యి."