అవ్వ అంటే

డోన్‌లో బట్టల వ్యాపారి రామకోటయ్య ఇల్లు, మధ్యాహ్నం వేళ. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లే. ఒకరు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. ఇంకొకరు ఆమె పెంచుకున్న బిడ్డ శ్రీవాసవికి పాలివ్వడానికి వచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయిన మహాదేవమ్మ. నిన్నటిదాకా ఇద్దరూ ఒక్క మాట మీద బతికినవాళ్లే.

"ఆ చాట కింద పెట్టి ఈడికి రా, మహాదేవీ."

"బియ్యంలో రాళ్లు శానా ఉండాయమ్మా. ఏరేసి వస్తా."

"రాళ్లు యాడికీ పోవు. కూర్చో. పొద్దున వాసవి ఫోన్ చేసింది."

"జ్వరం తగ్గిందంటనా? ఏమన్నా తినిందా? ఆ బళ్లారి హాస్టల్ తిండి దానికి పడదని నేను మొదట్నుంచీ..."

"తగ్గింది. నవ్వుతాంది కూడా. ఎందుకు నవ్వుతాందో తెలుసునా?"

"చెప్తే కదమ్మా తెలిసేది."

"రాత్రంతా జ్వరంలో అవ్వా, అవ్వా అని కలవరించిందంట. పక్క మంచాల పిల్లలు కన్నడమోళ్లు. వాళ్లు పోయి వార్డెనమ్మను లేపి, ఈ పిల్ల వాళ్లమ్మ కోసం ఏడుస్తాంది, ఫోన్ చెయ్యండి అన్నారంట. తెల్లారినాక మన పిల్ల, 'అమ్మను కాదు, మా అవ్వను పిలిచినా' అనిందంట. వాళ్లు పడీపడీ నవ్వినారంట."

"చిన్నపిల్లలు కదా. దేనికైనా నవ్వుతారు."

"దీనికెందుకు నవ్వినారు, మహాదేవీ?"

"నాకేం తెలుసమ్మా."

"కర్ణాటకలో సిరుగుప్ప దగ్గర పుట్టి పెరిగినదానివి, నీకు తెలీదా?"

"పొయ్యి మీద పప్పు..."

"మాడనీ. మీ పక్క అవ్వ అంటే ఎవరు?"

"ఊరు దాటితే మాటలు మారతాయి కదమ్మా. ఈడ ఒకటంటారు, ఆడ..."

"ఆడ ఏమంటారు?"

"పెద్ద ఆడమనిషిని మర్యాదకు అంటారు."

"మర్యాదకు! మరి ముసలిదాన్ని, మా అమ్మలాంటిదాన్ని, ఏమంటారు?"

"అజ్జి అంటారు."

"మన అవ్వ మీకు అజ్జి. మరి మీ అవ్వ?"

"పప్పు మాడుతాందమ్మా, దించి వస్తా."

"నోరు తెరిచి చెప్పు. అవ్వ అంటే?"

"అమ్మ."

"అంటే నా బిడ్డ నా ముందరే, నా ఇంట్లోనే, నిన్ను అమ్మా, అమ్మా అని పిలుస్తాంటే నేను చూసి మురిసిపోతా ఉండినా."

"మాటదేముందమ్మా..."

"మాటే కదా ఉండేది! నీకప్పుడు ఏం వయసు? తల నిండా నల్ల జుట్టు. ఈ వయసుకు అవ్వ ఏంది, అక్కా అని పిలిపించుకో అంటే ఏమంటివి?"

"పిల్లకు నోరు తిరిగినట్లు పిలవనీలే అంటి."

"అంటివి. నా బిడ్డ మా మహాదేవిని అప్పుడే ముసలిదాన్ని చేసిందని ఊరంతా చెప్పుకున్నా నేను. బజారు బజారంతా నవ్వింది. నువ్వూ నవ్వినావు."

"నేను నవ్వలేదమ్మా."

"దాన్ని చిన్నా, చిన్నా అని పిలుస్తాంటివి. చిన్నపిల్ల కదా, అట్ల పిలుస్తాది అనుకుంటి. అదీ అడిగినా వాసవిని. మీ భాషలో చిన్న అంటే బంగారమంట. ఇంకెన్ని మాటలు ఉండాయే నా ఇంట్లో, నాకొక అర్థం, నీకొక అర్థం?"

"ఇంకేం లేవమ్మా. దేవుని తోడు."

"దేవుని పేరెత్తద్దు. నీ బిడ్డ పుట్టి పోయిందని చెప్తివి. రొమ్ములు సలుపుతాండాయని ఏడిస్తివి. నీతోపాటు నేనూ ఏడ్చి, నా చేతులతో నేనే వాసవిని తెచ్చి నీ ఒళ్లో పెడితిని కదే. ఇట్ల చూడు. ఆ పోయిన బిడ్డ..."

"పోలేదమ్మా."

"వాసవేనా?"

"ఊఁ."

"పొద్దుట్నుంచీ అదే అనుకుంటాండా."

"పాపకు చెప్పద్దమ్మా. మీ కాళ్లు పట్టుకుంటా. దానికి అమ్మంటే మీరే. అది అమ్మా అని పిలిచేది మిమ్మల్నే."

"జ్వరమొస్తే పిలిచింది నిన్ను!"

"అది తెలిసి పిలిచింది కాదమ్మా..."

"తెలియకనే పిలిచింది. అదే నాకు మంట. లెయ్. కాళ్లు వదులు. ఆయన అన్నానికి వచ్చేలోపల నీ గుడ్డలు సర్దుకో. మీ పక్కకు పోయే ఆలూరు బస్సు నేనే ఎక్కిస్తా."

"అయ్యగారికి ఏం చెప్తారు?"

"ఉండేదే చెప్తా. తల్లి కాన్పులోనే పోయిందని ఆస్పత్రిలో ఎవరో చెప్తే నమ్మి, పిల్లను టవల్లో చుట్టుకొని తెచ్చిన మనిషి. నూలు బేరానికి మీ పక్కకు అన్నేండ్లు తిరిగినా ఒక్క ముక్క కన్నడం రాని మనిషి. నన్ను మోసం చేసింది చాలక, ఆ అమాయకుణ్ణి గూడా మోసం చేస్తివి కదే! ఏం? ఆయన మాట ఎత్తితే తల దించుకుంటావేం?"

"సర్దుకుంటానమ్మా. పోతా."

"ఇది చెప్పి పో. మాటలు రాని పిల్లకు అవ్వా అని ఎట్ల నేర్పిస్తివి? నేను లేనప్పుడా? చెవిలోనా?"

"నేను నేర్పలేదమ్మా."

"మరి ఎవరు నేర్పినారు?"

"వద్దులేమ్మా. నన్ను పోనీ."

"ఎవరే?"

"ఒక పొద్దు మీరు దేవళానికి పోయినారు. అయ్యగారే పాపను ఎత్తుకొని, నన్ను చూపించి, అవ్వా అను, అవ్వా అను అని పలికిచ్చినాడు. నా పక్క తిరిగి కన్నడంలో అన్నాడమ్మా... నీకు ఇంకేమీ ఇయ్యలేను, మన బిడ్డ నోట ఈ మాటన్నా ఉంచుకో అని."