కత్తుల మెట్టినిల్లు ఎరిగిన తాలో గారు

నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ గ్యామర్ తాలో గారు 1992 మార్చి రెండవ తేదీన మన జిల్లా మ్యూజియంలో సహాయకులుగా ప్రవేశించారు. సామాను గదిలోని కత్తులకు ఊరూ పేరూ లేని ఆ కాలంలో, వారు మన కొండల్లోని కురుంగ్, కమ్లా నదుల లోయలలో ఇల్లిల్లూ తిరిగి, ఒర ఏ వెదురుతో చేస్తారో, పిడికి పేము ఎటు చుడతారో స్వయంగా తెలుసుకున్నారు. కత్తుల ఉక్కు మంచు కనుమల అవతలి నుంచి అందరికీ ఒకే తీరుగా వచ్చేది గనుక దానిని నమ్మరాదని, ఊరిని పట్టిచ్చేవి ఒరా, పిడీ, తాడూ మాత్రమేనని మాకు నేర్పినవారు వారే.

పదోన్నతులు వారిని పలకరించకుండా పక్క గదులలోకి వెళ్లిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. ఆ ముచ్చట ఈ శుభవేళ తీయదగినది కాదు. ఇక ఇవ్వక తప్పని స్థితి వచ్చాక, 2006లో క్యూరేటర్ పదవి ఇచ్చారు.

ఆ మరుసటి ఏడు, ఒక దొంగ వ్యాపారి వద్ద పట్టుబడిన కత్తులు ఏ ఊరివో తేల్చమని పోలీసులు కోరగా, తాలో గారు ఒకదానిని కురుంగ్ లోయదని నిర్ణయించి సంతకం చేశారు. మర్నాడు అక్కడి పెద్దలకు అప్పగించాలి. ఆ సాయంత్రమే కమ్లా లోయ నుంచి యాపా అనే వృద్ధురాలు వచ్చి, అది తమ ఇంట దొంగలెత్తుకుపోయిన కత్తేనన్నారు. వారం తిరిగేలోగా మనవరాలి పెళ్లి. కన్యాశుల్కంగా మిథున్ అనే కొండ పశువులిచ్చే మగపెళ్లివారికి ఆడపెళ్లివారు ప్రతిగా ఇవ్వవలసిన కత్తి అదే. లేకుంటే ఆ పిల్ల అత్తింట బతుకంతా మాట పడాలి.

"ఆ ఒర కురుంగ్ పనితనం, అవ్వా" అన్నారు తాలో గారు.

"కాదన్నానా? మా అమ్మ కురుంగ్ ఆడపిల్ల. పెళ్లిలో ఆమెతో వచ్చింది. పుట్టిల్లు చూసి ఇల్లు రాసేస్తే, నీ పెళ్లాన్ని కూడా పుట్టింటికి పంపెయ్ మరి."

గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మీదే అనడానికి గుర్తేమిటి?"

"తాడు మా ఆయన మార్చాడు. చూడు, కొసన ఎడంచేతి వంకర ముడి ఉంటుంది. బతికినన్నాళ్లూ తిట్టాను. ఆయన పోయాడు గానీ అది ఊడలేదు."

బీరువా తీయగా, ముడి ఉంది. ఉదయం దానిని ఎవరో చేసిన మరమ్మతుగా భావించి వదిలేశారు. తమ ఇంటి గోడకున్న కత్తి కూడా మామగారిచ్చినదేననీ, దానిని ఏనాడూ మామగారి ఊరిదనుకోలేదనీ తాలో గారికి అప్పుడు స్ఫురించింది.

"సంతకం చేశాక మారిస్తే మన పరువేం కాను?" అన్నారు పై అధికారి.

"పరువు నాది సార్, పెళ్లి వాళ్లది" అని తాలో గారు తమ సంతకాన్ని తామే కొట్టివేశారు. మర్నాడు వచ్చిన కురుంగ్ పెద్దలను కూర్చోబెట్టి, యాపా గారి తల్లి పేరు చెప్పారు.

"మా మేనత్త కత్తా? ఇంకా ఉందా?" అన్నారు వారిలో పెద్దాయన. ఆపైన ఎవరెంత వారించినా వినక, దానిని తానే భుజాన వేసుకుని పెళ్లికి బయలుదేరారు. తాలో గారినీ వదలలేదు.

పెళ్లిలో బియ్యపు కల్లు అపాంగ్ చేతికిస్తూ, "ఇంతకీ ఇది ఏ లోయ కత్తి, సార్?" అని వరుని మేనమామ అడిగారు.

"రేపట్నుంచి మీ లోయది. ఆ ముడి మాత్రం విప్పకండి, అవ్వ మిమ్మల్ని కూడా తిడుతుంది."

నాటి నుంచి మన మ్యూజియంలో ప్రతి కత్తి కింద, అది తయారైన ఊరితోపాటు అది మెట్టిన ఇళ్ల పేర్లు కూడా ఉంటున్నాయి.

శ్రీ తాలో గారూ, వారి సహధర్మచారిణి శ్రీమతి యామే గారూ సంపూర్ణారోగ్యంతో, నిండు నూరేళ్లు సుఖంగా ఉండాలని మా ఆకాంక్ష. ఇంతకాలం కత్తి ఎవరిదో చెప్పమని వారిని ఇళ్లకు పిలిచాము; ఇకమీదట ఏ పనీ లేకుండా, కేవలం భోజనానికి పిలుద్దాము.