పుల్ల గుచ్చిన తరువాతే మడవ: శ్రీమతి కరుణాకుమారి గారికి అభినందన

1991 నవంబరు పద్దెనిమిదో తేదీ సోమవారం ఉదయం, నెల్లూరులోని మన తీర సమాచార కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరుగా శ్రీమతి కరుణాకుమారి గారు బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఏసీ గదిలో ఉద్యోగుల కంటె ఎక్కువ మర్యాద పొందుతున్న యంత్రం ఒకటి ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చిన కొత్త ఉద్యోగిని దాని వంక కాసేపు చూసి, "ఇది రాసేటప్పుడే కరెంటు పోతే, సగం రాసింది యాడుంటుంది సార్?" అని అడిగారు. సమాధానం చెప్పవలసిన పెద్దలు టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు, కరుణాకుమారి గారితో పాటే సర్వీసంతా పూర్తి చేసింది.

మనుబోలు దగ్గర వరి పండించే క్రైస్తవ కుటుంబం వారిది. తండ్రి యెహోషువ గారికి ఒక పద్ధతి ఉండేది. ఏ మడికి నీళ్ళు పెట్టదలచినా, నీళ్ళు లోపలికి పారే మడవ తెరవక ముందే ఆ గట్టు మీద ఒక పుల్ల గుచ్చేవారు. మడి తడిసి, మడవ మూసిన తరువాతే ఆ పుల్ల తీసేవారు. మధ్యలో ఎవరైనా పిలిచి ఆయన వెళ్ళిపోయినా, తరువాత వచ్చినవారు చేనంతా తిరగనక్కరలేదు, పుల్లలున్న మళ్ళను చూసుకుంటే చాలు. "తెరిచినాక గుచ్చితే ఏం నాయనా?" అని కరుణాకుమారి గారు చిన్ననాడు అడిగారట. "తెరవంగానే నన్నెవురన్నా పిలిస్తే?" అన్నారట ఆయన.

క్రమశిక్షణతో, నిరంతర అధ్యయనంతో పదోన్నతులు పొంది, వారు సిస్టమ్స్ విభాగానికి అధిపతి అయ్యేనాటికి మన కేంద్రానికి జంట డిస్కులు వచ్చాయి. ఏది రాసినా రెండింటిలోనూ ఒకేలా రాయడం, ఒకటి చెడితే రెండవది ఆదుకోవడం వాటి ధర్మం. అయితే ఒకదానిలో రాసి, రెండవదానిలో రాయకముందే కరెంటు పోతే? ఎక్కడ తేడా వచ్చిందో తెలియక మొదటి నుంచి చివరి వరకు సరిచూడాలి, అందుకు ఒక రోజు పడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీనికొక ఉపాయం ఉందని వారు చదివి కనుగొన్నారు. అది డిస్కును భాగాలుగా విభజించి, ఒక భాగంలో రాయబోయే ముందే దానికొక గుర్తు పెడుతుంది, రెండు చోట్లా రాత పూర్తయ్యాక గుర్తు చెరుపుతుంది. ఆ గుర్తు కూడా డిస్కులోనే ఉంటుంది గనుక కరెంటుతో పాటు పోదు. ఆ పుటలు చదువుతూ వారు ఒక్కరే నవ్వుకున్నారు. నాయన పుల్ల అక్కడ కనబడింది మరి!

అప్పటి మన సంచాలకులు పద్మనాభయ్య గారికి ఆ ఉపాయం రుచించలేదు. "ప్రతి రాతకూ ముందొక రాతా? పని నత్తనడక నడుస్తుందమ్మా, తీసెయ్యండి" అన్నారు. కరుణాకుమారి గారు ఎదురు చెప్పలేదు, తీసెయ్యనూ లేదు. భాగాలను కాస్త పెద్దవి చేసి గుర్తుల సంఖ్య తగ్గించారు, వెంటనే మళ్ళీ అక్కడే రాయవలసివస్తే కొత్త గుర్తు అక్కరలేకుండా చెరపడంలో తొందర మాన్పించారు. పని మళ్ళీ చురుకందుకుంది. సంచాలకులు చూసీ చూడనట్లు ఊరుకున్నారు.

నాలుగేళ్ళ కిందట, వాయుగుండం తీరానికి దగ్గరవుతున్న ఒక మధ్యాహ్నం, ఆ గుర్తుల విలువ తెలిసివచ్చింది. చేపల బోట్లు ఎక్కడున్నాయో జువ్వలదిన్నె హార్బరు మనకు పంపుతుంది, ఏ బోటు ఏ రేవుకు తిరగాలో మనం సూచిస్తాం. కరెంటు పోయింది, జనరేటరు అందుకునే లోపే బ్యాటరీలు చేతులెత్తేశాయి. అప్పుడే మన విభాగంలో కొత్తగా చేరిన ఉషారాణి గారి తండ్రి, చేపల వేటకు వెళ్ళిన హజరత్తయ్య గారు, ఆ వేళ సముద్రం మీదే ఉన్నారు.

కరెంటు వచ్చాక పద్మనాభయ్య గారు, "అంతా సరిచూస్తే రేపటికి గాని తేలదు. అట్నే తెరిచేద్దామా?" అన్నారు.

"వద్దు సార్. ఒక డిస్కు ఒకమాట చెప్తుంది, కాసేపటికి ఇంకోటి ఇంకోమాట చెప్తుంది. బోటును ఎటు తిప్పమంటారు?"

గుర్తు పడిన భాగాలను మాత్రమే సరిచూశారు. తెచ్చిన టీ చల్లారేలోపు పని అయింది. అన్నీ సమానంగానే ఉన్నాయి, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కటీ హజరత్తయ్య గారి బోటే. ఒక డిస్కులో అది ఒడ్డుకు చేరువలో ఉంది, రెండవదానిలో దక్షిణాన సముద్రంలో చాలా లోపల ఉంది.

"ఏది నిజం అక్కా? నాయన యాడున్నాడు?" ఉషారాణి గారు తెర మీదికి వంగి అడిగారు.

"రెండూ అబద్ధం గాదమ్మా. ఒకటి పాతది, ఇంకోటి కొత్తది. కొత్తది రెండుచోట్లా పడలేదు గనక, 'అందింది' అని హార్బరుకు మనం చెప్పలేదు. చెప్పలేదు గనక వాళ్ళే మళ్ళీ పంపుతారు. ఈలోగా మనం ఒకమాట మీద నిలబడాల, అంతే."

ఏది కొత్తదో ఎంచబోకుండా, మొదటి డిస్కులో ఉన్నదే రెండవదానికి ఎక్కించి, వ్యవస్థను తెరిచారు. ధైర్యంగా చెప్పినా, కరుణాకుమారి గారు హార్బరు కబురు కోసం తెర వంకే చూస్తూ కూర్చున్నారు. నమ్మినది తప్పయితే, ఆ పిల్ల ముఖం మళ్ళీ ఎలా చూడాలన్నదే వారి భయం. హార్బరు సమాచారం తిరిగి వచ్చింది. బోటు దక్షిణాన ఉంది. దగ్గరి రేవుకు తిరగమని సూచన వెళ్ళింది. సాయంత్రం ఉషారాణి గారి ఫోనులో, "ఏం బిడ్డా, అన్నం తిన్నావా?" అని తండ్రి గొంతు వినబడినప్పుడు, మన గదిలో కళ్ళు తుడుచుకోనివారు లేరు.

పద్మనాభయ్య గారు మాత్రం పట్టు విడవలేదు. "ఇన్ని గుర్తుల్లో తేడా ఒక్కటేనా? మిగతావి దండగేనా?"

"దండగ గుర్తుతో కాస్త పని పెరుగుతుంది సార్. లేని గుర్తే కొంప ముంచేది."

కరుణాకుమారి గారి పదవీ విరమణతో ఇప్పుడు ఆ విభాగం ఉషారాణి గారి చేతుల్లోకి వెళుతోంది. ఈ నెలంతా కరుణాకుమారి గారు ప్రతి యంత్రానికీ ఎర్ర టేపు ముక్క అంటించి, దాని సంగతులు పూర్తిగా చెప్పి, ఉషారాణి గారి చేత తిరిగి చెప్పించుకుని, ఆ తరువాతే ముక్క తీశారు. నిన్నటికి అన్నీ తీసేశారు. తమ కుర్చీ వీపుకు అంటించినది ఒక్కటే మిగిలింది. ఉషారాణి గారు దాన్ని తీయబోతే వారు చెయ్యి పట్టుకున్నారు.

"అది తియ్యమాకమ్మా. నేను చెప్పాల్సింది ఇంకా ఉంది, నువ్వు అడగాల్సిందీ ఉంది."

ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న హజరత్తయ్య గారి సాక్షిగా, మన అందరి పక్షాన ఒక్కటే కోరిక. శ్రీమతి కరుణాకుమారి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, తరగని కుతూహలంతో, నిండు నూరేళ్ళు కుటుంబ సభ్యుల నడుమ ఆనందంగా జీవించాలి. అన్నేళ్ళూ ఆ ఎర్ర ముక్క ఆ కుర్చీకే ఉండాలి.