గుడ్డ కదలకుండా పెట్టే బిళ్ళలు

ఏంటే, మళ్ళీ తినలేదా నీ కూతురు? ఆ కంచం ఇటు పెట్టి నువ్వు ముందు కూర్చో. కుక్కర్ దాని పని అది చేసుకుంటుందిలే. మూడు కూతలకి దించుదాం, నేను లెక్కపెడతా. రెండేళ్ళ పిల్ల ఒకపూట మారాం చేస్తే కొంప మునిగేదేం లేదు. పిల్ల సంగతేమో గానీ నీ మొహం చూస్తుంటేనే నాకు భయమేస్తోంది. అచ్చం మా నాన్న మొహం. ఆఁ, మీ అమ్మమ్మకీ నాకూ నాన్న, నీకు ముత్తాత. నువ్వెలా చూస్తావు, నువ్వు పుట్టక ముందెప్పుడో పోయాడు. ఫోటోలో ఉన్న మొహం కాదే, ఫోటోల్లో అందరూ బాగానే ఉంటారు. రోజూ సాయంత్రం ఏడింటికి మీ అమ్మమ్మ ముందు కంచం పెట్టి, ముద్ద మింగుతుందా, బుగ్గన పెట్టుకుని కూర్చుంటుందా అని తలుపు చాటు నుంచి చూసేవాడు. ఆ మొహం.

టైలరు ఆయన, తెలుసుగా. వీధి గదిలో కొట్టు, వెనక గదిలో మేము, ఆ వెనక వంటిల్లు. కొలతల్లో ఆయనకి సాటి లేరు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నడుం ఎంతో చెప్పేసేవాడు. అదే వంటింట్లోకి వస్తే పప్పుకీ పసుపుకీ తేడా తెలీదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ తెలియాల్సిన అవసరమూ రాలేదు. అమ్మ పోయేనాటికి నాకు పదేళ్ళు, మీ అమ్మమ్మకి ఆరు. ఆ తర్వాత ఆర్నెల్లపాటు మా తిండేంటంటే పొద్దున బ్రెడ్డు, రాత్రి పెరుగన్నం, అంతే. నాది మొండి ఒళ్ళు, తట్టుకున్నాను. మీ అమ్మమ్మ మాత్రం పుల్లలా అయిపోయింది. నవ్వకు. ఇప్పుడంటే గుమ్మంలో పక్కకి తిరిగి రావాల్సొస్తోంది గానీ, అప్పుడు ఊదితే ఎగిరిపోయేట్టుండేది. బళ్ళోకి డాక్టరమ్మ వచ్చి చూసి, పిల్ల బరువు చాలా తక్కువుందని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ తీసుకెళ్ళి సరిగ్గా మా పెద్దమ్మ ఎదురుగా నాన్న చేతిలో పెట్టాను, బుద్ధిలేనిదాన్ని.

పెద్దమ్మంటే అమ్మకి అక్క. చెడ్డది కాదు, ఆ మాట అంటే కళ్ళు పోతాయి. పిల్లల్లేరు, చేతిలో డబ్బుంది, చెల్లెలు పోయిన ఏడుపు గుండెల్లో ఉంది. అవన్నీ కలిసి ఆవిడ నోటిని అలా చేశాయి. "మరిదీ, నువ్వు బట్టలు కుట్టుకో. పిల్లల్ని పెంచడం నీ వల్ల కాదు. చిన్నదాన్ని నాకిచ్చెయ్" అంది. అని ఊరుకుందా, మీ అమ్మమ్మని రెక్క పుచ్చుకుని వీధి చివర బియ్యం కొట్టుకి తీసుకెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టింది. చంకలో దాని గుడ్డబొమ్మ ఉండనే ఉంది. నాన్నే పీలికలు కూరి కుట్టిచ్చాడు, నిద్రలో కూడా వదిలేది కాదు. బొమ్మతో కలిపి పద్నాలుగు కిలోలు. ఆవిడ రెండు నెలలు గడువిచ్చింది. కిలో పెరిగితే ఇంక నోరెత్తదట, పెరక్కపోతే బట్టలు సర్ది ఉంచాలట. మా నాన్న ఏం చేశాడనుకున్నావు? మెళ్ళో వేలాడే టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

మర్నాడు కొట్టు కట్టేసి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. పెద్ద పెద్ద వంటలేం అక్కర్లేదయ్యా, సాయంత్రం పూట కంచంలో అన్నం, పప్పు, కూర, పెరుగు ఉండాలి, వీలైతే ఒక గుడ్డు, రోజూ ఒకే వేళకి పెట్టు, పక్కన కూర్చుని నువ్వూ తిను అందిట ఆవిడ. ఇంటికొచ్చి ఏం చేశాడో తెలుసా? కంచం ముందు పెట్టుకుని, గుడ్డ మీద గీసే సుద్దతో గీతలు గీశాడు. ఇక్కడిదాకా అన్నం, దానికి సమానంగా పప్పు, ఈ ముక్కలో కూర, ఈ మూల గుడ్డు. అది కంచంలా లేదు, జాకెట్టు కటింగులా ఉంది. పాత కుక్కరొకటి సంపాదించాడు. అడుగున బియ్యం, ఆ పైగిన్నెలో పప్పు, ఆపైన కూరముక్కలు, అన్నీ ఒక్కసారే పొయ్యెక్కించడం. కొట్టు ఆరింటికి కట్టేస్తే ఏడింటికల్లా కంచంలో ఉండాలి కదా మరి. కానీ కంగారు మనిషి, కూతల లెక్క మర్చిపోయేవాడు. రెండింటికే దించేస్తే పప్పు పలుకు, ఐదింటికి దించితే అన్నం జావ. అందుకని పొయ్యి గట్టు మీద మూడు గుండీలు ఎడమ పక్కన పెట్టుకుని, కూత వచ్చినప్పుడల్లా ఒక గుండీ కుడి పక్కకి జరిపేవాడు.

ఉప్పు సంగతి చెప్పానా? "ఉప్పు వేశానా అమ్మా?" అని నన్నడిగేవాడు. వేశావు నాన్నా అంటే నమ్మకం కుదరక ఇంకో చిటికెడు వేసేవాడు. మొదటి వారం మా ఇంట్లో తాగినన్ని నీళ్ళు ఎవరింట్లోనూ తాగుండరు. తర్వాత్తర్వాత చెయ్యి కుదిరింది. ఆకుకూర కత్తిపీటతో కొయ్యలేక, కత్తెర కడిగి దాంతో కత్తిరించేవాడు, సన్నగా, దారప్పోగుల్లాగా. ఆకు కంట పడితే మీ అమ్మమ్మ నోరు కుట్టేసుకునేది మరి, అందుకని పప్పులో కలిపి, పైన జీలకర్ర తాలింపు పెట్టి ఏమార్చేవాడు. క్యారెట్ ముక్కలకి సూదితో రెండేసి చిల్లులు పొడిచి గుండీలని చెప్పి తినిపించేవాడు. ఇది ఒక ముద్ద తిని, ఒక ముద్ద బొమ్మ మూతికి రాసేది. అది చూసి ఈయన గిలగిలలాడిపోయేవాడు, ఆ ముద్ద కూడా దీని కడుపులోకి పోతే బాగుండునని. పొద్దున లేవగానే పిల్ల దండచేతికి టేపు చుట్టడం, మళ్ళీ చుట్టడం. నిన్నటికీ ఇవాళ్టికీ దండ పెరుగుతుందా? ఆ సంగతి టైలరుకి తెలీదా? తెలుసు. అయినా చుట్టేవాడు.

ఎక్కడున్నాను? ఆఁ, బిళ్ళల సంగతి చెప్పాలి కదా. కత్తిరించేటప్పుడు గుడ్డ కదలకుండా పైన పెట్టడానికి ఇనప బిళ్ళలుండేవి, ఒక్కోటి వంద గ్రాములు, మొత్తం ఎనిమిది. పెద్దమ్మ వచ్చేది రేపనగా నేను బడి నుంచి వస్తూనే ఆ డబ్బా తీశాను. దొంగతనమే, ఒప్పుకుంటా. రెండు నెలలుగా ఆయన్ని చూస్తున్నాను కదా, చెల్లి వెళ్ళిపోతే ఈయన బతకడని నాకు గట్టిగా అనిపించింది. తీరా చూస్తే డబ్బాలో నాలుగే ఉన్నాయి. సూది పడితే ఇల్లంతా దులిపే మనిషి నాలుగు బిళ్ళలు పోతే ఎందుకు వెతకట్లేదా అనుకున్నా గానీ, నా భయం నాది. మూడు తీసుకుని, ఒకటి వదిలేసి, బొమ్మ పొట్ట విప్పి, పీలికల మధ్య పెట్టి కుట్టేశాను. టైలరు కూతుర్ని, కుట్టు కనబడనిస్తానా?

మర్నాడు బియ్యం కొట్టు ముందు నిలబడ్డాం. నాన్న దానికి కొత్త గౌను కుట్టాడు. పెద్దమ్మ చెప్పులు విప్పించింది. విప్పించి గౌను అంచు పట్టుకుని, "ఏంటి మరిదీ, ఇంత లావు మడతేశావు?" అంది. "పెరిగే పిల్ల కదండీ వదినగారూ, ఏడాది పోయాక విప్పి పొడుగు చెయ్యొచ్చు" అన్నాడు. ఆ మాట అంటూ టేపుని వేలికి చుట్టుకుంటూనే ఉన్నాడు పాపం. మళ్ళీ బొమ్మతోనే కాటా మీద నిలబెట్టారు. కొట్టాయన తూకపు గుండు జరుపుతున్నాడు. అప్పుడు మీ అమ్మమ్మ, ముద్దుముద్దుగా, అందరికీ వినబడేట్టు, "నాన్నా, నా బొమ్మ కూడా బరువెక్కింది. అది కూడా పప్పన్నం తింది కదా" అంది.

నా పై ప్రాణం పైనే పోయింది. పెద్దమ్మ బొమ్మ వైపు చెయ్యి చాచింది. నాన్న నా మొహం చూశాడు, ఒక్క క్షణమే. చూసి, ఎప్పుడూ గట్టిగా నవ్వని మనిషి, పెద్దగా నవ్వేసి, "అవును వదినగారూ, రోజూ సగం ముద్దలు ఆ బొమ్మకే పోతున్నాయి" అన్నాడు. కొట్టాయన నవ్వాడు, పెద్దమ్మకీ నవ్వొచ్చింది. ఆ చాచిన చేత్తో దాని బుగ్గ పుణికింది. పదిహేను కిలోల రెండొందలు. ఆవిడ మాట మీద నిలబడింది, అది చెప్పుకోవాలి. పోయేటప్పుడు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి బొమ్మ పొట్ట విప్పి, నా మూడు బిళ్ళలూ డబ్బాలో పెడదామని వెళ్ళాను. కత్తిరించే బల్ల దగ్గర నాన్న కూర్చుని ఆ కొత్త గౌను అంచు విప్పుతున్నాడు. మడతలోంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు బిళ్ళలు తీసి డబ్బాలో వేశాడు. నా చేతిలోవి నేనూ వేశాను. ఎనిమిదీ చేరాయి. నేనాయన్ని చూశాను, ఆయన నన్ను చూశాడు. తిట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ ఎక్కించాడు, ఎప్పుడూ ఒక గుడ్డు ఉడికించేవాడు రెండు వేశాడు. ఆ మూడు గుండీలూ నా చేతిలో పెట్టి, "నువ్వు లెక్కపెట్టమ్మా. ఇంకా అరకిలో తక్కువుంది" అన్నాడు.

నువ్వే లెక్కెయ్యి. ఆయన నాలుగు బిళ్ళలు తీసేస్తే కిలోకి రెండొందల గ్రాములే తక్కువ. నా మూడు కూడా తీసేస్తేనే అరకిలో. అంటే నా పాపం కూడా తన నెత్తినే వేసుకుని లెక్క చూసుకున్నాడన్నమాట. ఆ అరకిలో పెరిగేదాకా ఆయన తలుపు చాటు నుంచి కదల్లేదు. పెరిగాక కూడా కదల్లేదనుకో.

మీ అమ్మమ్మకి చెప్పకు. మొన్న కూడా ఫోన్లో అంటోంది, నాన్న చేతి వంటకి రెండు నెలల్లో కిలోకి పైగా పెరిగానే, నా బొమ్మ కూడా పెరిగింది అని. ఔనే అన్నాను. ఇంకేమంటాను.

అవునూ, ఇదెన్నో కూత? రెండా, మూడా? నేనంటే మాటల్లో పడ్డాను, నువ్వైనా లెక్కపెట్టావా?